తాళం తీసిన బీరువా
(బడి గ్రంథాలయం, కొత్త కథ, పదిహేనేళ్ల పాఠకుడు: స్మారకోపన్యాసం)

వెనక బెంచీల మీద కూర్చున్న తొమ్మిది, పది తరగతుల పిల్లలారా, ఈ పూట మాట్లాడబోయేది మీ గురించే.

ఈ స్మారకోపన్యాసం ఏ మాష్టారి పేరున జరుగుతోందో ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది. కానీ ఈ ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పారు కనుక తెలుగు మాష్టారు. పెళ్లి పిలుపులకు వచ్చినవాళ్లు శుభలేఖ మీద కూడా అలాగే రాసేవారు. నేనూ ఈ ఉపన్యాసమంతా ఆయన్ని ఆ పిలుపుతోనే తలుచుకుంటాను.

నా తొమ్మిదో తరగతి సంగతి ఒకటి చెబుతాను. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకు పావలా. ఒక డిటెక్టివ్ నవల తెచ్చుకుని సైన్సు పుస్తకం మధ్యలో పెట్టి చదువుతూ మాష్టారికి దొరికిపోయాను. ఆ రోజుల్లో నవల దొరికితే చించి కిటికీలోంచి పారేసేవారు, లేదా నాన్నను పిలిపించేవారు. మాష్టారు ఆ రెండూ చేయలేదు. పుస్తకం తీసుకుని చేతిసంచిలో వేసుకుని, ఎక్కడ ఆపారో అక్కడి నుంచి పద్యం చెప్పుకుంటూ పోయారు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. నాన్న భయం ఒకవైపు, రెండో రోజు అద్దె ఇంకోవైపు.

పొద్దున స్టాఫ్‌రూముకు పిలిచారు. పుస్తకం బల్ల మీద ఉంది. "రాత్రి ఒంటిగంట దాకా చదివించాడ్రా నన్ను" అన్నారు. "కానీ హంతకుణ్ణి ఆఖరి రెండు పేజీల్లో ఆకాశం నుంచి ఊడిపడేలా చేశాడు. అంతకుముందు వాడి ఊసే లేదు. అది న్యాయమేనా? నువ్వేమంటావ్?"

నాకు నోట మాట రాలేదు. అప్పటికి తొమ్మిదేళ్లుగా పాఠాల మీద ప్రశ్నలకు జవాబులు చెబుతూనే ఉన్నాను. ప్రతిపదార్థాలు రాశాను. ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో రాశాను. ఒక పుస్తకం గురించి నువ్వేమంటావని మాత్రం అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. వెనక్కి వస్తుంటే ఆగమని జేబులోంచి పావలా తీసి చేతిలో పెట్టారు. "రెండో రోజు అద్దె నాది. చదివింది నేను కదా" అన్నారు. ఆ సాయంత్రమే లైబ్రరీ బీరువా తాళం తీసి, "ఇందులో నీకు నచ్చేవి తక్కువేరా. ఏవి తెప్పించాలో నువ్వు చెప్పు" అన్నారు.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ పావలాలోనూ ఆ ప్రశ్నలోనూ ఉంది. పదమూడు నుంచి పదహారేళ్ల వయసు పిల్లలకు కథల మీద ఆకలి పోలేదు. వాళ్లకు కావలసిన కొత్త కథ వాళ్ల బడి బీరువాలో లేదు. ఉన్నచోట తాళం ఉంది. తాళం తీసినచోట, ఆ పుస్తకాన్ని ముందుగా చదివి, నువ్వేమంటావని అడిగే పెద్దమనిషి లేడు. ఈ మూడు లోటులూ తీర్చడం మన చేతిలో పనే.

పడవలో వచ్చిన పుస్తకం

మనది గ్రంథాలయాలను ఉద్యమంగా నడిపిన జాతి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారు, తోటివారు కలిసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని పెట్టారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య పడవలో గ్రంథాలయం నడిపారు. ఆ పడవ సంగతి మాష్టారు ప్రతి ఏడూ గ్రంథాలయ వారోత్సవాల్లో చెప్పేవారు. ప్రయాణం చేసే రైతూ కూలీ పడవలో కూర్చున్నంత సేపూ చదువుకుంటారని నాగభూషణం గారి ఆలోచన. పాఠకుడు ఎక్కడుంటే పుస్తకం అక్కడికి వెళ్లాలన్నది ఆ తరం నమ్మకం.

ఇవాళ మన ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి గదికీ లైబ్రరీ బీరువాకూ మధ్య ఇరవై అడుగుల వరండా. కాలువ దాటిన పుస్తకం ఆ వరండా దాటలేకపోతోంది.

చట్టం వైపు నుంచి లోటు లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, వాటితో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలని షెడ్యూలులో రాసింది. 'కథల పుస్తకాలు' అన్న మాట పార్లమెంటు చేసిన చట్టంలో ఉందంటే చాలామంది హెడ్మాస్టర్లు నమ్మరు. సమగ్ర శిక్ష కింద లైబ్రరీకి గ్రాంటు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 'చదవడం మాకిష్టం' కార్యక్రమం వచ్చింది. తెలంగాణ బడుల ఫార్మేటివ్ పరీక్షల్లో పుస్తక సమీక్షకు మార్కులు పెట్టారు. ఇవన్నీ మంచి ఉద్దేశాలే. మరి ఎక్కడ తెగిపోతోంది?

బీరువాలో ఏముంది?

ఈ మధ్య నేను చూసిన ఒక బడి బీరువాను వర్ణిస్తాను. పై అరలో నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, జాతీయ నాయకుల జీవిత చరిత్రలు. మధ్య అరలో వ్యక్తిత్వ వికాసం, జనరల్ నాలెడ్జి, పాత గైడ్లు. కింది అరలో పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడి కథలు, ఒకే పుస్తకం పదేసి కాపీలు, సప్లై వచ్చినప్పుడు కట్టిన పురికొస కూడా విప్పకుండా. నాఫ్తలీన్ ఉండల వాసన. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి నా పక్కన నిలబడి చూస్తోంది. "ఇందులో ఏం చదివావమ్మా?" అని అడిగాను. "చిన్నప్పుడు ఇవన్నీ చదివేశాను సార్" అంది, కింది అర చూపిస్తూ. పై అరల వైపు చూడలేదు.

చిన్నప్పుడు అంటోంది పదమూడేళ్ల పిల్ల. ఆ మాటలో నిజముంది. మన అరల్లో పిల్లల పుస్తకాలున్నాయి, పెద్దల పుస్తకాలున్నాయి. చిన్నతనం దాటి పెద్దరికం రాని వయసుకు అర లేదు. బెంగాలీలు ఈ వయసు కోసం కిశోర సాహిత్యం అని ఒక పాయను ప్రత్యేకంగా పెంచుకున్నారు. సత్యజిత్ రాయ్ అంతటివాడు 1965లో 'సందేశ్' అనే పిల్లల పత్రికలో ఫెలూదా డిటెక్టివ్ కథలు మొదలుపెట్టి, దాదాపు చివరిదాకా రాస్తూనే ఉన్నాడు. మనకు 'చందమామ' 1947 నుంచి దశాబ్దాల పాటు ఎన్నో తరాలకు చదవడం నేర్పింది. చందమామ నుంచి పెద్దల నవలకు వెళ్లే దారిలో మెట్టు మాత్రం మనం సరిగ్గా కట్టుకోలేదు.

ఆ లోటు మా రోజుల్లో అద్దె పుస్తకాల షాపు తీర్చింది. వారపత్రికల్లో సీరియళ్లు వెల్లువెత్తిన కాలం అది. యద్దనపూడి, యండమూరి, మల్లాది, మధుబాబు షాడో నవలలు. వాటి మంచిచెడ్డలు నేనిక్కడ తూచబోను. ఆ షాపు నడిచిన తీరు మాత్రం చూడండి. కొత్త పుస్తకం వచ్చిన రోజే షాపువాడు కనపడేలా ముందు వేలాడదీసేవాడు. బాగుందో లేదో ముందు చదివిన స్నేహితుడు చెప్పేవాడు. చదివాక పరీక్ష ఉండేది కాదు. నచ్చకపోతే సగంలో తిరిగి ఇచ్చేయవచ్చు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తీర్చిదిద్దిన రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. పుస్తకం వాడకానికే ఉందని, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటారని, గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి అని వాటి సారం. ఆ షాపువాడు రంగనాథన్ పేరు విని ఉండడు. అయినా ఆయన సూత్రాలను మా బడికంటే బాగా పాటించాడు.

ఆ షాపులు మూతపడ్డాయి. వాటి చోటు ఫోను తీసుకుంది. పిల్లలు ఫోన్లో పడి చదవడం మానేశారని మనం అంటున్నాం. కానీ ప్రతిలిపి లాంటి యాప్‌లలో తెలుగు సీరియళ్లు రాత్రి పొద్దుపోయేదాకా చదివే పదో తరగతి పిల్లలు నాకు తెలుసు. తర్వాతి భాగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్న పిల్ల చదవడం మానేసిన పిల్ల ఎలా అవుతుంది? ఆమె వెళ్లిన చోటికి మన మంచి పుస్తకం వెళ్లలేదు, అంతే.

కొత్త కథే ఎందుకు?

పాత గొప్ప పుస్తకాలు ఇవ్వవచ్చు కదా అంటారు. ఇవ్వాలి. అయితే పాత గొప్ప పుస్తకాలన్నీ ఒకనాటి కొత్త పుస్తకాలే. 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో వెలువడుతున్నప్పుడు, 'దిద్దుబాటు' 1910లో అచ్చయినప్పుడు, వాటిని చదివినవాళ్లకు అవి తమ వీధిలో, తమ ఇంట్లో జరుగుతున్న సంగతులు. ఆ వేడితోనే అవి నిలబడ్డాయి. పదిహేనేళ్ల పిల్లకు మొదట దొరకవలసింది ఆ వేడి. అది దొరికాక వందేళ్ల వెనక్కి తనే నడిచి వెళుతుంది.

ఇవాళ తొమ్మిదో తరగతి పిల్లవాడి బతుకు చూడండి. అమ్మానాన్న వలస పోతే అమ్మమ్మ దగ్గరుండి చదువుతాడు. లేదా హాస్టల్లో ఉంటాడు. పదో తరగతి కాకుండానే ఈఏపీసెట్ మాట చెవిలో పడుతుంది. తరగతిలో ఎవడో కులం పేరు ఎత్తుతాడు. ఒకమ్మాయి మీద ఇష్టం కలుగుతుంది, ఎవరికీ చెప్పుకోలేడు. ఒంట్లో మార్పుల గురించి ఆడపిల్లకు సగం సగం మాటలే వినపడతాయి. ఈ సంగతులు పాఠ్యపుస్తకంలో రావు. నీతికథలో వస్తే చివర సుద్దులు తగిలించుకుని వస్తాయి. మంచి కొత్త కథలో మాత్రం తనలాంటి ఇంకొకడు ఈ దారినే ఎలా నడిచాడో కనపడుతుంది. ఒంటరితనం తగ్గడానికి అది చాలు.

ఇంకో సంగతి ఉంది. బడులు ఇంగ్లీషు మీడియం అయ్యాయి. దాని మీద వాదన ఇక్కడ వద్దు. ఫలితంగా తెలుగు రోజుకో పీరియడ్‌కు కుదించుకుపోయింది. ఆ పీరియడ్‌లో ఉన్నది మార్కుల తెలుగు. మార్కులు లేని తెలుగు, ఆనందం కోసం చదివే తెలుగు, ఈ పిల్లలకు దొరికే చోటు కథల పుస్తకమే.

పుస్తకాలు లేవని మాత్రం అనకండి. సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం, 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది. ఇటీవల తెలుగులో బాల సాహిత్య పురస్కారం పొందినవాటిలో కన్నెగంటి అనసూయ 'స్నేహితులు', డి.కె. చదువులబాబు 'వజ్రాల వాన', పి. చంద్రశేఖర్ ఆజాద్ నవల 'మాయాలోకం', గంగిశెట్టి శివకుమార్ 'కబుర్ల దేవత' ఉన్నాయి. వేంపల్లి షరీఫ్ 'జుమ్మా' కథలకు 2011లో, రమేశ్ కార్తీక్ నాయక్ గోర్ బంజారా కథలు 'ఢావ్లో'కు 2024లో, ప్రసాద్ సూరి నవల 'మైరావణ'కు 2025లో యువ పురస్కారాలు వచ్చాయి. ముప్పై అయిదేళ్లలోపు రచయితలకు ఇచ్చే పురస్కారం అది. అంటే మన పిల్లలకు అన్నలూ అక్కలూ అయ్యే వయసువాళ్లు రాస్తున్న కథలు. అమెరికాలోని తానా, ఇక్కడి మంచి పుస్తకం సంస్థ కలిసి పిల్లల నవలలకు పోటీలు పెట్టి, గెలిచినవాటిని తక్కువ ధరకు అచ్చువేస్తున్నాయి. కొంచెం వెనక్కి వెళితే నామిని 'మిట్టూరోడి కథలు', సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కథలు', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' ఉన్నాయి. చిత్తూరు మాట చిత్తూరు మాటలాగే, నెల్లూరు మాట నెల్లూరు మాటలాగే అచ్చులో ఉంటుంది. తన ఇంటి మాట పుస్తకంలో కనపడిన రోజు పిల్లవాడి నడుము నిటారుగా అవుతుంది. తండా నుంచి వచ్చే పిల్లవాడికి 'ఢావ్లో'లో తన జనం పేర్లు కనపడటం అలాంటిదే.

యువ పురస్కారాలు పిల్లల కోసమని ఇచ్చేవి కావు. అన్ని కథలూ అన్ని వయసులకూ సరిపడవు. అందుకే టీచరు ముందు చదవాలి. మాష్టారు నా డిటెక్టివ్ నవలను రాత్రి ఒంటిగంట దాకా చదివింది అందుకే.

చేయవలసిన పని

ఉపాధ్యాయ మిత్రులకు నాలుగు సూచనలు చేస్తాను. వీటిలో దేనికీ కొత్త జీవో కోసం ఆగక్కర్లేదు.

మొదటిది, అయిదు నిమిషాలు చదివి వినిపించండి. శనివారం ఆఖరి పీరియడ్‌లో మాష్టారు ఇదే చేసేవారు. కొత్త పుస్తకం తెచ్చి మొదటి నాలుగు పేజీలు చదివేవారు. తలుపు చప్పుడైందనో, ఉత్తరం విప్పిందనో ఉన్నచోట ఠక్కున మూసేసేవారు. "మిగతాది ఎవరు చదువుతారు?" అనేవారు. చేతులు లేచేవి. పుస్తకం ఒక్కటే కనుక వరుస రాసుకునేవారు. ఇష్యూ రిజిస్టరులో ఒకే పుస్తకం కింద ఒక పేజీ నిండా పేర్లు ఉండటం నేను కళ్లారా చూశాను.

రెండోది, సమీక్షలో సారాంశం అడగకండి. సారాంశం అడిగితే పక్కవాడి నోటుబుక్కులోంచి వస్తుంది, ఫోన్లోంచి వస్తుంది. "ఈ పుస్తకం మన తరగతిలో ఎవరికి ఇస్తావు, ఎందుకు?" అని అడగండి. ఆ జవాబు ఏ గైడులోనూ దొరకదు. "నచ్చలేదు, ముప్పయ్యో పేజీలో ఆపేశాను" అన్న జవాబుకు కూడా, ఎందుకు ఆపాడో చెబితే, పూర్తి మార్కులు వేయండి.

మూడోది, పిల్లల్ని న్యాయనిర్ణేతల్ని చేయండి. బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకు 1936 నుంచి కార్నెగీ పతకం ఇస్తున్నారు. తుది జాబితాకు వచ్చిన పుస్తకాలను అక్కడి బడుల్లో పిల్లల బృందాలు చదివి, చర్చించి, తమ తీర్పు తాము చెప్పే ఏర్పాటు ఉంది. మనమూ చేయవచ్చు. గత అయిదేళ్ల బాల సాహిత్య పురస్కార గ్రంథాలు తెప్పించండి. తొమ్మిదో తరగతివాళ్లు చదివి, నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యే రోజున తమ బహుమతి తాము ప్రకటించనివ్వండి. ఆ రచయితకు ఒక ఉత్తరం రాయించండి. జవాబు రాయని తెలుగు రచయిత ఉండడు.

నాలుగోది, కొనేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతుంది. గ్రాంటులో కొంత సొమ్ము నలుగురు పిల్లల చేతికిచ్చి, మీ తరగతి కోసం మీరే ఎంచండి అనండి. వాళ్లు ఎంచిన పుస్తకాన్ని తరగతిలో అందరిచేత చదివించే బాధ్యత వాళ్లే తీసుకుంటారు.

పోయిన పుస్తకాలు

ఇవన్నీ విన్నాక మీ మనసులో మెదిలే భయం నాకు తెలుసు. పుస్తకాలు పోతాయి. నిజమే, పోతాయి. చాలా ఉన్నత పాఠశాలల్లో లైబ్రేరియన్ పోస్టే లేదు. ఎవరో ఒక టీచరుకు ఇన్‌చార్జి అంటగడతారు. పుస్తకం పోతే జవాబుదారీ ఆయనే. తాళం వేసి ఉంచితే ఎవరూ అడగరు. ఇస్తేనే అడుగుతారు. ఇలాంటి ఏర్పాటులో తాళం వేసుకున్న టీచర్ని నేను తప్పుపట్టను. ఏర్పాటే తప్పు. ఏడాదికి నూటికి ఇన్ని పుస్తకాలు వాడకంలో చిరిగిపోవచ్చు, పోవచ్చు అని నియమం రాసుకుంటే ఆ భయం సగం పోతుంది. చాక్‌పీసు అరిగిపోయిందని ఎవరి జీతమూ కోయం కదా.

మాష్టారు రిటైరైనప్పుడు స్టాక్ రిజిస్టరు పెట్టి బీరువా సరిచూశారు. 43 పుస్తకాలు తగ్గాయి. వాటి వెల లెక్కగట్టి ఆయన చివరి జీతంలోంచి పట్టుకున్నారు. మాకు తెలిసి నలుగురం వెళ్లి చందాలు వేసుకుని కడతామన్నాం. ఆయన ఒప్పుకోలేదు. "నలభై మూడిళ్లలో ఉన్నాయిరా అవి. బీరువాలో ఉంటే చెదలకు పోయేవి" అన్నారు. పుస్తకం పోవడం నష్టమే, కాదనను. పదిహేనేళ్ల పాఠకుడు పోతే అతనితో పాటు అతని పిల్లలు కూడా పోతారు. మాష్టారు ఈ లెక్క తెలిసిన మనిషి.

పిల్లలారా, మీకొక్క మాట. బీరువా తాళం తీయమని మీరు అడగండి. తీసిన పుస్తకం నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. నచ్చితే పక్కవాడికి ఇవ్వండి. మీరేమంటారో వినాలని మాకు నిజంగా ఉంది.

పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన ధర్మనిధి నుంచి ఈ ఉపన్యాసానికి నాకిస్తున్న పారితోషికం ఈ బడి లైబ్రరీకే ఇస్తున్నాను. దానితో కొత్త కథల పుస్తకాలే కొనాలి, తొమ్మిదో తరగతి పిల్లలే ఎంచాలి. అవి తాళం లేని అరలో, తరగతి గదిలోనే ఉండాలి. వాటిలో ఏటా ఎన్ని పోతే అన్నింటి వెలా నేను కడతాను. హెడ్మాస్టరు గారూ, రిజిస్టరులో ఆ నష్టం నా పేరున రాయండి.